ఏటి అడుగు ఒండ్రులో భారలోహాలు: ఒక సమీక్ష

నదుల కాలుష్యం గురించిన చర్చ సాధారణంగా నీటి చుట్టూనే తిరుగుతుంది. సీసాలో పట్టి తెచ్చిన నీటిలో సీసం ఎంత, కాడ్మియం ఎంత అని చూసి, అది నిర్ణీత పరిమితికి లోబడి ఉంటే నది క్షేమంగా ఉందని తేల్చడం పరిపాటి. అయితే సీసం, క్రోమియం వంటి లోహాల్లో సింహభాగం నీటిలో కరిగి ప్రయాణించదు. నీటిలో తేలియాడే సన్నని మట్టి రేణువులను అంటిపెట్టుకుని వచ్చి, ప్రవాహం నెమ్మదించిన చోట ఆ రేణువులతో పాటే అడుగుకు దిగుతుంది. ఆ విధంగా ఏటి అడుగున, ఆనకట్టల వెనుక, నది సముద్రంలో కలిసే చోట పేరుకునే ఒండ్రును, ఇసుకను, బురదను కలిపి భూవిజ్ఞానంలో అవక్షేపం అంటారు. ఘన సెంటీమీటరుకు దాదాపు 5 గ్రాములకు మించిన సాంద్రత గల లోహాలను భారలోహాలుగా లెక్కించడం వాడుక; నిజానికి అర్ధలోహమైన ఆర్సెనిక్ కూడా దాని విషగుణం వల్ల ఈ జాబితాలోనే చేరుతోంది. నీటి నమూనా తీసిన రోజు సంగతి చెబుతుంది గాని, అవక్షేపం ఏళ్ల తరబడి జరిగినదాన్ని పోగుచేసి ఉంచుతుంది. ఈ కారణం చేతనే గత అరవై ఏళ్లుగా శాస్త్రవేత్తల దృష్టి నీటి నుంచి అడుగు మట్టి వైపు మళ్లింది. ఈ కాలంలో వెలువడిన అపారమైన వాఙ్మయాన్ని పరిశీలిస్తే తేలేదేమిటంటే, ఒండ్రులో లోహం ఎంత ఉందో కొలవడం ఈ సమస్యలో తేలికైన భాగమనీ, దాన్ని దేనితో పోల్చి ఎక్కువ అంటున్నారో, అది ఏ రూపంలో ఉండి ఎప్పుడు కదులుతుందో చెప్పడమే అసలు కష్టమనీ, ప్రచురితమవుతున్న పరిశోధనల్లో అధికభాగం ఆ తేలికైన పని దగ్గరే ఆగిపోతోందనీ.

లోహం రేణువును అంటుకోవడం యాదృచ్ఛికం కాదు. బంకమట్టిలోని ఖనిజ ఫలకాల ఉపరితలం రుణావేశంతో ఉంటుంది కనుక ధనావేశం గల లోహ అయాన్లను అది ఆకర్షిస్తుంది. రేణువుల మీద పలుచని పూతలా ఏర్పడే ఇనుము, మాంగనీసు ఆక్సైడ్లు ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. కుళ్లిన ఆకులు, మురుగు, నాచు నుంచి వచ్చే సేంద్రియ పదార్థం ముఖ్యంగా రాగినీ పాదరసాన్నీ బంధిస్తుంది. ప్రాణవాయువు అందని లోతైన బురదలో సల్ఫేటును సల్ఫైడుగా మార్చే సూక్ష్మజీవుల వల్ల లోహాలు కరగని సల్ఫైడ్లుగా మారి నిలిచిపోతాయి. ఈ నాలుగు ఆధారాలూ సన్నని రేణువుల్లోనే ఎక్కువ కాబట్టి, ఒకే నది ఒడ్డున పది గజాల దూరంలో తీసిన ఇసుకకూ బురదకూ మధ్య లోహ పరిమాణంలో అనేక రెట్ల తేడా కనిపించవచ్చు, ఆ తేడాకు కాలుష్యంతో ఏ సంబంధమూ లేకపోవచ్చు. అందుకే 63 మైక్రాన్ల కంటే సన్నని భాగాన్ని జల్లెడ పట్టి దాన్నే పరీక్షించడం గాని, బంకమట్టి పరిమాణానికి సూచికగా పనికివచ్చే అల్యూమినియంతో ప్రతి లోహాన్నీ నిష్పత్తిగా చూపడం గాని ఆనవాయితీ అయింది. ఈ రెండింటిలో ఏదీ చేయకుండా ఎగువ ఇసుకను దిగువ బురదతో పోల్చి, నది దిగువకు పోయే కొద్దీ కలుషితమవుతోందని నిర్ధారించిన వ్యాసాలు అరుదేమీ కావు.

నది సముద్రాన్ని కలిసే చోటు ఈ రసాయనానికి మరో మలుపు. మంచినీటిలో విడివిడిగా తేలే అతిసన్నని రేణువులు ఉప్పునీరు తగలగానే తమ మధ్య ఉన్న వికర్షణను కోల్పోయి ఒకదానికొకటి అతుక్కుని, ముద్దలుగా మారి అడుగుకు దిగుతాయి. నదితో వచ్చిన ఇనుము, దాన్ని పట్టుకున్న ఇతర లోహాలు అలా సంగమం దగ్గరే చిక్కుకుంటాయి. కాడ్మియం మాత్రం దీనికి భిన్నంగా ప్రవర్తిస్తుంది. ఉప్పునీటిలోని క్లోరైడుతో అది కరిగే సంయోగాలను ఏర్పరుస్తుంది కనుక రేణువును విడిచి నీటిలోకి వస్తుంది, ఫలితంగా ఒండ్రులో కాడ్మియం తగ్గినట్టు కనిపించిన చోట నత్తల్లో, ఆల్చిప్పల్లో అది పెరగవచ్చు. గోదావరి వంటి వానాకాలపు నదిలో ఈ వ్యవహారం ఏడాది పొడుగునా ఒకే తీరుగా ఉండదు. వరదల నెలల్లో మంచినీరు సముద్రాన్ని ముఖద్వారం దాకా నెట్టేస్తే, వేసవిలో ధవళేశ్వరం దిగువన పాయల్లోకి పోటు నీరు చొరబడుతుంది. ఒకే మట్టి ఆరు నెలలు మంచినీటి కిందా ఆరు నెలలు ఉప్పునీటి కిందా ఉంటుంది. ఐరోపా నదుల్లో రూపొందిన సిద్ధాంతాలను ఇక్కడికి తెచ్చేటప్పుడు గుర్తుంచుకోవలసిన మొదటి సంగతి ఇదే.

ఈ రంగానికి ప్రపంచ దృష్టి లభించింది జపానులోని మినమాటా వల్ల. అక్కడి రసాయన కర్మాగారం 1932 నుంచి 1968 వరకు అసిటాల్డిహైడ్ తయారీలో పాదరసాన్ని ఉత్ప్రేరకంగా వాడి, వ్యర్థాన్ని అఖాతంలోకి వదిలింది. 1956లో అధికారికంగా గుర్తించిన నరాల వ్యాధికి కారణం చేపల్లో చేరిన మిథైల్ పాదరసమని తరువాత తేలింది. కర్మాగారం ఆ ప్రక్రియను ఆపేసిన తరువాత కూడా అడుగు బురద అలాగే ఉండిపోయింది. 1977 నుంచి 1990 వరకు దాదాపు 15 లక్షల ఘనమీటర్ల బురదను తోడి, అఖాతంలో ఒక భాగాన్ని కట్టడాలతో మూసి అందులో పూడ్చి, 58 హెక్టార్ల కొత్త నేలను తయారుచేయవలసి వచ్చింది. లోహం కుళ్లి నశించేది కాదు గనుక, మూలాన్ని ఆపడం వేరు, పేరుకున్నదాన్ని వదిలించుకోవడం వేరు అన్న తేడా అక్కడ అందరికీ అర్థమైంది. రైన్ నది ముఖద్వారంలోని రాటర్‌డామ్ రేవులో సమస్య ఇంత విషాదకరం కాకపోయినా ఇంతే మొండిది. నౌకామార్గం కోసం ఏటా తీయవలసిన పూడికలో ఎగువ దేశాల పరిశ్రమల లోహాలు ఉండటంతో, ఆ మట్టిని సముద్రంలో వదలలేక 1987లో స్లుఫ్టర్ అనే భారీ నిల్వ గుంటను తీరాన కట్టుకోవలసి వచ్చింది.

భారతదేశంలో ఈ విషయానికి పునాదిగా నిలిచిన తొలి పరిశోధనలు 1980లలో వెలువడ్డాయి. జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన వి. సుబ్రమణియన్, ఆయన సహచరులు గంగ, బ్రహ్మపుత్రలతో పాటు గోదావరి, కృష్ణా ఒండ్రుల రసాయన కూర్పును వివరంగా నమోదు చేశారు. ఆ కృషిలో తెలుగు నేలకు సంబంధించి అత్యంత విలువైన విషయం కాలుష్యం గురించినది కాదు, రాళ్ల గురించినది. త్ర్యంబకం దగ్గర పుట్టే గోదావరి, మహాబలేశ్వరం దగ్గర పుట్టే కృష్ణా తమ ఎగువ దారిని దక్కను పీఠభూమి నల్లరాతి మీద, అంటే దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట పొంగి పరచుకున్న లావా గట్టిపడిన బసాల్టు మీద సాగిస్తాయి. ఆ రాయి చితికి ఏర్పడిన నల్లరేగడే నదుల సన్నని ఒండ్రులో పెద్ద భాగం. బసాల్టులో రాగి, నికెల్, క్రోమియం, వెనేడియం సహజంగానే ఎక్కువ. 1961లో టురేకియన్, వెడెపోల్ కూర్చిన ప్రసిద్ధ పట్టిక ప్రకారం బసాల్టులో సగటున కిలోకు 87 మిల్లీగ్రాముల రాగి ఉంటే, కాల్షియం తక్కువగా ఉండే గ్రానైటులో 10 మాత్రమే ఉంటుంది. నికెల్ విషయంలో ఆ అంతరం 130కీ 4.5కీ మధ్య ఉంది. దిగువన తెలంగాణ గ్రానైట్లు, ప్రాణహిత లోయ ఇసుకరాళ్లు, తూర్పు కనుమల ఖోండలైట్లు ఒక్కొక్కటే తమ మట్టిని కలుపుతూ పోతాయి కనుక, రాజమహేంద్రవరం దగ్గర ఒండ్రు ఏ ఒక్క రాతి కూర్పుకూ సరిపోలదు.

ఇంతటి వైవిధ్యాన్ని పక్కనపెట్టి, అధ్యయనాల్లో చాలా భాగం సగటు షేల్ అనే ఒకే కొలబద్దను వాడుతోంది. షేల్ అంటే ప్రాచీన బురద గట్టిపడి ఏర్పడిన పొరల రాయి. పైన చెప్పిన పట్టికలో దాని సగటు కూర్పు ఉంది, అందులో రాగి 45, జింకు 95, నికెల్ 68, సీసం 20 మిల్లీగ్రాములు. జర్మన్ శాస్త్రవేత్త ముల్లర్ 1969లో ప్రతిపాదించిన భూసంచయ సూచిక ఇటువంటి ప్రమాణం మీదే నడుస్తుంది: నమూనాలోని లోహాన్ని సహజ స్థాయికి ఒకటిన్నర రెట్లతో భాగించి, వచ్చినదానికి 2 ఆధారంగా సంవర్గమానం తీస్తారు, సున్నా గాని అంతకు తక్కువ గాని వస్తే కాలుష్యం లేనట్టు, ఆపైన ఒక్కో అంకె పెరిగిన కొద్దీ తరగతి పెరిగినట్టు లెక్క. కిలోకు 100 మిల్లీగ్రాముల రాగి ఉన్న ఒక ఒండ్రును ఉదాహరణగా తీసుకుంటే, సగటు షేల్‌తో పోల్చినప్పుడు సూచిక 0.57 వచ్చి, స్వల్ప కాలుష్యం మొదలైనట్టు చెబుతుంది. బసాల్టుతో పోలిస్తే −0.38 వచ్చి కాలుష్యమే లేదంటుంది; గ్రానైటుతో పోలిస్తే 2.74 వచ్చి, మధ్యస్థాన్ని దాటి తీవ్ర కాలుష్యం వైపు పోతోందంటుంది. మట్టి మాత్రం అదే మట్టి. ముల్లర్ పెట్టిన ఒకటిన్నర రెట్ల సడలింపు సహజ హెచ్చుతగ్గులకు ఉద్దేశించినదే అయినా, ఎనిమిది రెట్ల తేడా గల రాళ్ల మీద ప్రవహించే నదులకు అది చాలదు. నాందేడ్ దిగువన గోదావరి ఒండ్రులో రాగి ఎక్కువగా ఉందని కర్మాగారాన్ని వెతకడమూ, గ్రానైటు కొండల మధ్య వాగులో షేల్ స్థాయి దాటలేదని నిశ్చింతగా ఉండటమూ సమానంగా తప్పే అవుతాయి.

స్వీడన్ శాస్త్రవేత్త హకాన్సన్ 1980లో ప్రతిపాదించిన పర్యావరణ ముప్పు సూచిక ఇంకా విచిత్రమైన పరిస్థితిలో ఉంది. అది పాదరసానికి 40, కాడ్మియానికి 30, ఆర్సెనిక్‌కు 10, సీసానికీ రాగికీ 5, క్రోమియానికి 2, జింకుకు 1 చొప్పున విషతీవ్రత గుణకాలను ఇచ్చి, అన్నింటినీ కూడి ఒకే అంకెగా చూపుతుంది. ఆ గుణకాలు స్వీడన్ మంచినీటి సరస్సులను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. సరస్సు జీవోత్పాదకతను బట్టి వాటిని సవరించుకోవాలని ఆయనే సూచించారు. మూల పత్రంలో నికెల్ ప్రస్తావనే లేదు. ఇవాళ ఉష్ణమండలపు ఉప్పుటేర్లకూ మడ అడవులకూ అదే సూత్రాన్ని, సవరణ లేకుండా, ఎవరో తరువాత చేర్చిన నికెల్ గుణకంతో సహా వర్తింపజేస్తున్నారు. మొత్తం అంకె పెద్దదిగా వచ్చిన చోట సాధారణంగా ఆ భారమంతా పాదరసం, కాడ్మియంల నుంచే వస్తుంది, అవి రెండూ కొలతలో పొరపాటుకు ఎక్కువ అవకాశమున్న లోహాలే కావడం గమనార్హం.

కొలతలోనూ ఏకరూపత లేదు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఖనిజాన్ని పూర్తిగా కరిగిస్తే, నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమమైన ద్రవరాజం క్రోమైట్ వంటి మొండి ఖనిజాలను వదిలేస్తుంది. అందుచేత ఒక ప్రయోగశాలలో వచ్చిన క్రోమియం విలువను మరొక ప్రయోగశాల విలువతో పోల్చే ముందు ఏ ఆమ్లం వాడారో చూడాలి. షేల్ పట్టికలోని విలువలు పూర్తిగా కరిగించినప్పటివి. ద్రవరాజంతో వచ్చిన ఫలితాన్ని వాటితో భాగించడం మొదటినుంచే తక్కువ చూపడం.

లోహం ఏ రూపంలో ఉందన్న ప్రశ్నకు 1979లో టెస్సియర్, ఆయన సహచరులు ఒక దారి చూపారు. ఒకే నమూనాను క్రమంగా తీవ్రత పెరిగే ద్రావణాలతో ఒకదాని తరువాత ఒకటిగా కడిగి, తేలికగా వదిలే లోహం, కార్బొనేటుతో కలిసినది, ఇనుము, మాంగనీసు ఆక్సైడ్లలో చిక్కుకున్నది, సేంద్రియ పదార్థంలోనూ సల్ఫైడ్లలోనూ ఉన్నది, చివరకు ఖనిజ స్ఫటికంలోనే ఇమిడి ఉన్నది అని ఐదు భాగాలుగా విడదీయడం ఆ పద్ధతి. బసాల్టు నుంచి వచ్చిన నికెల్‌లో అధికభాగం ఆ చివరి భాగంలోనే కనిపిస్తుంది, అది వేల ఏళ్లు గడిచినా సులభంగా బయటపడదు. ఫ్యాక్టరీ కాలువ నుంచి వచ్చిన జింకు, కాడ్మియం మొదటి మూడింటిలో ఉంటాయి, అవి కదలడానికి నీటి ఆమ్లత కొద్దిగా మారినా చాలు. ఒక్కో ద్రావణం తనకు కేటాయించిన భాగాన్నే కచ్చితంగా కరిగిస్తుందన్న హామీ లేదనీ, కరిగిన లోహం తిరిగి మరో భాగానికి అంటుకుంటుందనీ విమర్శలున్నా, మొత్తం పరిమాణం ఒక్కటే చెప్పే అధ్యయనం కంటే ఇది ఎన్నో మెట్లు పైన ఉంది. సల్ఫైడు బురద విషయంలో 1990ల ఆరంభంలో డి టోరో బృందం మరో కొలతను తెచ్చింది: చల్లని పలుచని ఆమ్లానికి వాయువుగా బయటపడే సల్ఫైడు, అదే ఆమ్లంలో కరిగే లోహాల మొత్తం కంటే ఎక్కువగా ఉంటే, ఆ లోహాలు రేణువుల మధ్య రంధ్రాలలోని నీటిలోకి రావు, అక్కడి పురుగులకు హాని చేయవు. ఈ రక్షణ బురద కదలనంత కాలమే. వరద అడుగును తిరగబెట్టినా, పూడికతీత ఓడ దాన్ని పైకి తెచ్చినా, మడ అడవిని నరికి రొయ్యల చెరువు తవ్వి ఆ మట్టిని ఎండబెట్టినా, సల్ఫైడు గాలి సోకి ఆమ్లంగా మారుతుంది, అంతదాకా బంధించిన లోహం విడుదలవుతుంది.

హాని ఏ స్థాయిలో మొదలవుతుందన్న దానికి అమెరికాలో లాంగ్ బృందం 1995లో ప్రచురించిన రెండంచెల మార్గదర్శక విలువలు ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చాయి. తీర అవక్షేపాల మీద జరిగిన అనేక పరీక్షల్లో జీవులకు హాని కనిపించిన సందర్భాలను ఆరోహణ క్రమంలో పేర్చి, మొదటి పది శాతం దగ్గర ఉన్న విలువను దిగువ గీతగా, మధ్య విలువను ఎగువ గీతగా తీసుకున్నారు. సీసానికి అవి 46.7, 218 మిల్లీగ్రాములు, కాడ్మియానికి 1.2, 9.6. నికెల్ ఎగువ గీత 51.6, సగటు షేల్‌లోనే 68 ఉంది గనుక, మనిషి తాకని ప్రాచీన బురద కూడా ఈ లెక్క ప్రకారం జీవులకు ప్రమాదకరమే! ఇటువంటి వైరుధ్యాన్ని గమనించకుండా భారతీయ నదీముఖాల్లో నికెల్ ముప్పు ప్రకటించిన పత్రాలు ఉన్నాయి. ఇంతకంటే జీవుల సాక్ష్యం నమ్మదగినది. ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో శతాబ్దాల తరబడి రాగి, తగరం గనుల నీరు దిగిన రెస్ట్రాంగెట్ ఉప్పుటేరు బురదలో బతికే నీరిస్ పురుగులు, ఇతర చోట్ల అదే జాతి పురుగులు చనిపోయే రాగి మోతాదును తట్టుకుంటాయని 1970ల ఆరంభంలో తేలింది. అమెరికాలో హడ్సన్ నది పక్కన ఉన్న ఫౌండ్రీ కోవ్‌లో బ్యాటరీ కర్మాగారం వదిలిన కాడ్మియానికి అలవాటు పడిన సన్నని బురద పురుగులు, 1990ల మధ్యలో ఆ బురదను తొలగించిన కొద్ది సంవత్సరాలకే ఆ నిరోధాన్ని కోల్పోయాయి. రసాయన పట్టిక చెప్పలేని విషయాన్ని, అంటే లోహం నిజంగా ఒంటికి సోకుతోందా అన్నదాన్ని, ఈ పురుగులు చెప్పాయి. పాదరసం సంగతి మరీ ప్రత్యేకం. అడుగు బురదలో ప్రాణవాయువు లేకుండా బతికే సూక్ష్మజీవులే దాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి, ఆ శక్తినిచ్చే రెండు జన్యువుల ఆచూకీ 2013లో గాని దొరకలేదు.

తెలుగు రాష్ట్రాల్లో సందేహానికి తావులేని పారిశ్రామిక లోహ కాలుష్యం మహానదుల్లో కంటే చిన్న గెడ్డల్లో, వాగుల్లోనే కనిపిస్తుంది. విశాఖపట్నం లోపలి రేవు మేఘాద్రిగెడ్డ వంటి ప్రవాహాలు సముద్రాన్ని చేరే పోటుపాటుల చిత్తడిలో తవ్వి 1933లో తెరిచినది. దాని చుట్టూ చమురు శుద్ధి కర్మాగారం, ఎరువుల కర్మాగారం, 1970ల చివర జింకు, సీసం కరిగించే కర్మాగారం వెలిశాయి, ఖనిజం ఎగుమతి, ఓడల మరమ్మతు వీటికి తోడయ్యాయి. అలలు తక్కువగా ఉండి నీరు సులువుగా మారని ఆ ఇరుకు పాయలో జింకు, కాడ్మియం, సీసం పేరుకున్న తీరును ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు దశాబ్దాలుగా నమోదు చేస్తూ వచ్చారు. ఖోండలైటు కొండల మట్టిలో కాడ్మియం అంతగా ఉండదు కనుక ఇక్కడ మూలం గురించిన తగవు లేదు. హైదరాబాదు శివారులోని పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థాలు నక్కవాగు మీదుగా మంజీరలోకి, అక్కడినుంచి గోదావరిలోకి దారి తీసుకున్నాయి. 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన వ్యాజ్యం నీటి గురించి, పంటల గురించి సాగినా, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 2001లో ప్రచురించిన పరిశీలన ఆ ప్రాంతపు మట్టిలోని భారలోహాల మీద దృష్టి పెట్టింది. మూసీ కథ వేరు. నగరపు మురుగును మోసుకుపోయే ఆ నది మీద దిగువన రైతులకు నీరందించే కత్వలు, అంటే చిన్న అడ్డుకట్టలు, వరుసగా ఉన్నాయి. ఒక్కో కత్వ వెనుక పూడిక నిలిచి, లోహాన్ని మెట్లు మెట్లుగా ఆపుతుంది కాబట్టి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే చోట ఒండ్రు కొంత శుభ్రంగా కనిపించినా అది నది తనంతట తాను శుద్ధి కావడం కాదు. పెద్ద వరద వస్తే ఆ నిల్వలన్నీ ఒక్కసారిగా కదలవచ్చు.

పెద్ద నదుల్లో ఆనకట్టలు ఈ పనినే పెద్ద ఎత్తున చేస్తున్నాయి. గోదావరి సముద్రానికి చేర్చే ఒండ్రు 1970లతో పోలిస్తే 1990ల నాటికి సగానికంటే బాగా తగ్గిందనీ, డెల్టా అంచు కోతకు గురవుతోందనీ పరిశోధనలు చూపాయి. లోహాల దృష్టితో చూస్తే దీనికి రెండు పర్యవసానాలున్నాయి. ఎగువ నల్లరేగడి జలాశయాల్లో ఆగిపోయిన మేరకు డెల్టాకు చేరే మట్టిలో రాళ్ల వాటా మారుతుంది, కోరింగ మడ అడవుల్లో రాగి తగ్గినా పెరిగినా అది కాలుష్యపు గుర్తు కాకపోవచ్చు. ఒండ్రు మొత్తమే తగ్గడంతో, మురుగుతో వచ్చే లోహం పలుచబడటానికి తగినంత శుభ్రమైన మట్టి కరువై, అదే పరిమాణపు వ్యర్థం ఇప్పుడు ఎక్కువ గాఢతగా కనిపించవచ్చు.

ఈ చిక్కును విప్పగల సాధనం అడుగులోకి గొట్టం దింపి తీసే నిలువు నమూనా. సుమారు 22 ఏళ్ల అర్ధాయువు గల సీసం-210 ఐసోటోపుతోనూ, అణుపరీక్షల వల్ల 1963లో తారస్థాయికి చేరిన సీసియం-137తోనూ పొరల వయస్సు నిర్ణయిస్తే, పరిశ్రమలు రాక ముందటి పొర తనకు తానే సహజ స్థాయిని చెబుతుంది. షేల్‌తో గాని బసాల్టుతో గాని పని ఉండదు. పెట్రోలులో సీసం కలపడం దేశమంతటా ఆగిన 2000వ సంవత్సరం తరువాతి పొరల్లో ఆ లోహం తగ్గిందో లేదో కూడా తెలుసుకోవచ్చు. పీతలు బొరియలతో పొరలను కలిపేసే మడ బురదలోనూ, వరద కోసేసే నదీగర్భంలోనూ ఇది అంత సజావుగా సాగదు, అయినా కొల్లేరు వంటి నిశ్చల జలాలు, చెరువు గర్భాలు, జలాశయాల పూడిక ఇందుకు అనువైనవే. పై ఐదు సెంటీమీటర్ల మట్టిని గరిటెతో ఎత్తి సూచికలు గట్టే పరిశోధనలకు అయ్యే మొత్తం ఖర్చులో కొంత ఇటు మళ్లితే ఫలితం ఎక్కువ.

ప్రభుత్వ పర్యవేక్షణ ఇంకా నీటి దగ్గరే ఉంది. నదుల్లోని విషలోహాల మీద కేంద్ర జల సంఘం 2014లోనూ 2018లోనూ ప్రచురించిన నివేదికలు నీటి నమూనాలకు సంబంధించినవే. తాగునీటికి ఉన్నట్టు అవక్షేపాలకు చట్టబద్ధమైన పరిమితులు దేశంలో ఏర్పడలేదు, అందువల్ల రేవుల నుంచి తీసే పూడికను ఎక్కడ వేయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు అధికారులు విదేశీ విలువలనే ఆశ్రయిస్తున్నారు. పరిమితులు నిర్ణయించాలంటే ముందు ప్రతి పరీవాహక ప్రాంతానికీ దాని సహజ స్థాయి తెలియాలి. పల్నాడులోని అగ్నిగుండాల ప్రాంతంలో సీసం, రాగి ఖనిజాలు నేలలోనే ఉన్నాయి, అక్కడి వాగుకూ శ్రీకాకుళం గెడ్డకూ ఒకే గీత గీయడం కుదరదు. ఇందుకు కావలసిన సమాచారం కొంత ఇప్పటికే వేరొక చోట ఉంది. ఖనిజాల వేట కోసం భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ జాతీయ భూరసాయన పటాల కార్యక్రమం కింద దేశాన్ని రెండు కిలోమీటర్ల గళ్లుగా విభజించి, చిన్న వాగుల ఒండ్రును సేకరించి, డజన్ల కొద్దీ మూలకాలను కొలుస్తోంది. ఆ నమూనాల్లో అధికభాగం నగరాలకూ పరిశ్రమలకూ దూరంగా ఉన్న మొదటి శ్రేణి వాగులవి, అంటే సరిగ్గా కాలుష్య పరిశోధకులు వెతికే సహజ స్థాయికి చెందినవి. అయితే అవి 120 నంబరు జల్లెడ దాటిన మట్టి మీద చేసిన కొలతలు, ఆ రంధ్రం 125 మైక్రాన్లది, 63 మైక్రాన్ల విలువలతో వాటిని నేరుగా పోల్చలేరు. రెండు జల్లెడల మధ్య సంబంధాన్ని ఒక్కో రాతి నేలకు ఒక్కసారి కొలిచి పెట్టుకుంటే, సగటు షేల్ అవసరం చాలావరకు తీరిపోతుంది.